గర్భంలో షుగర్ వచ్చిందని అన్నం మానేయకండి: పళ్లెంలో ఏం మార్చుకోవాలి, ఎప్పుడు నడవాలి

అన్నం మానేసి జావతో పొట్ట నింపుకోవడం ఈ రోజు నుంచే ఆపేయండి అమ్మా, మిగతాదంతా తర్వాత. ఇరవై ఏడో వారంలో గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలకు తీసిన రక్తంలో 158 వచ్చిందని రాశారు. ఆ భయంతో అన్నం పూర్తిగా వదిలేసి పొద్దున రాగిజావ, మధ్యాహ్నం ఓట్స్, రాత్రి మళ్లీ జావ తాగుతున్నారట, అయినా టిఫిన్ తర్వాత 150 దిగడం లేదు, పైగా వారంలో కిలో బరువు తగ్గారు. రెండు వారాలు ఆహారంతో చూద్దాం, తగ్గకపోతే ఇన్సులిన్ అని మీ డాక్టరమ్మ అన్నారు, నెల్లూరు నుంచి వచ్చిన అత్తగారేమో ఇద్దరికి సరిపడా తినాలంటున్నారు. వీటన్నిటిలో నన్ను కంగారు పెట్టింది ఆ 158 కాదు, తగ్గిన ఆ కిలో బరువు. నేను ఇక్కడే చెన్నైలో డైటీషియన్‌ని, ఎక్కువగా చూసేది గర్భిణుల షుగర్ చార్టులే. కాబట్టి కాస్త పొడవుగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇది మీరు స్వీట్లు తిన్నందుకు వచ్చింది కాదు. నాలుగైదు నెలలు దాటాక మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని అడ్డుకోవడం మొదలుపెడతాయి, బిడ్డకు గ్లూకోజ్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలని శరీరం చేసుకునే ఏర్పాటు అది. ఇది ప్రతి గర్భిణికీ జరుగుతుంది. చాలామందిలో క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది, కొందరిలో సర్దుకోలేదు, అంతే. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నా, అండాశయాల్లో నీటిబుడగల సమస్య (పీసీఓడీ) ఉన్నా, ముందే కాస్త బరువున్నా అవకాశం ఎక్కువ, అసలు మన భారతీయులకే ఎక్కువ. మాయ పెరిగే కొద్దీ ఈ అడ్డు కూడా పెరుగుతూ పోతుంది, ముప్పై రెండు నుంచి ముప్పై ఆరు వారాల మధ్య గట్టిగా ఉంటుంది. ఇప్పుడు రెండు ఇడ్లీలకు 115 వచ్చి, నెల తర్వాత అవే రెండు ఇడ్లీలకు 130 వస్తే మీరేదో తప్పు చేశారని ఏడవకండి, మీ అత్తగారిని అననివ్వకండి.

గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, మీ ఇన్సులిన్ చేరదు. అందుకని మీ రక్తంలో షుగర్ ఎక్కువైతే బిడ్డ క్లోమం సొంతంగా ఎక్కువ ఇన్సులిన్ చేసుకుంటుంది. దాంతో బిడ్డ లావెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది, పుట్టాక బొడ్డుతాడు తెంచగానే గ్లూకోజ్ సరఫరా ఆగిపోతుంది కానీ ఇన్సులిన్ మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి బిడ్డకు షుగర్ పడిపోవచ్చు. మనం పడే తంటా అంతా ఇందుకే. అలాగని తల్లి పస్తులుంటే కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి, అవి కూడా మంచివి కావు. మీరు బరువు తగ్గారు కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు మూత్రంలో కీటోన్లు చూడమని అడగండి.

మీకు చేసిన పరీక్ష గురించి ఒక మాట. ఖాళీ కడుపుతో రమ్మనకుండా, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు ఒక్కసారే రక్తం తీసే పద్ధతి మన దేశంలో నిలబడిందంటే అది ఈ ఊరి డాక్టర్ వి. శేషయ్య గారి చలవ. ఆయన పుట్టినరోజు మార్చి 10నే ఏటా గర్భంలో షుగర్ అవగాహన దినంగా జరుపుతారు. పల్లె నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణిని పరగడుపున రమ్మంటే రెండోసారి రాదని తెలిసిన పద్ధతి అది. అందులో 140, అంతకంటే ఎక్కువ వస్తే గర్భధారణ మధుమేహం కింద లెక్క. మీకు 158, అంటే గీత దాటింది, కానీ కొండంతేమీ కాదు. మీలాంటి వాళ్లలో ఎక్కువమందికి తిండి, నడకలతోనే సరిపోతుంది.

ఇప్పుడు మన గురి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకైతే 120 లోపు. గంటకు చూడాలా రెండు గంటలకు చూడాలా అన్నది మీ డాక్టరమ్మను అడిగి ఒకటే పట్టుకోండి, రోజుకోటి మారిస్తే చార్ట్ చూసేవాళ్లకు ఏమీ అర్థం కాదు. మీరు రాసిన 150 గంటకా రెండు గంటలకా అన్నదే రాయలేదు. టైమ్ మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్క, తిని లేచినప్పటి నుంచి కాదు.

ఇంట్లో షుగర్ మీటర్‌తో చూసుకునే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే దీనివల్లే సగం టెన్షన్ వస్తుంది. పండు కోసిన చేత్తోనో, పచ్చడి కలిపిన వేలితోనో పొడుచుకుంటే లేని షుగర్ చూపిస్తుంది. శానిటైజర్ చాలదు, సబ్బుతో కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి, తడి ఉంటే అంకె తేడా వస్తుంది. వేలి కొన మధ్యలో కాకుండా పక్కకు పొడుచుకుంటే నొప్పి తక్కువ. చుక్క రాకపోతే వేలి చివర పిండకండి, చెయ్యి కిందికి వేలాడేసి అరచేతి వైపు నుంచి మెల్లగా నిమరండి. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టేయాలి, మన ఊరి ఉక్కకు తెరిచిపెడితే పాడైపోతాయి, మే నెలలో కారులో వదిలేస్తే ఇక వాటిని నమ్మలేం. మొదటి రెండు వారాలు పరగడుపున ఒకటి, మూడు పూటలూ తిన్నాక ఒక్కొక్కటి, రోజుకు నాలుగు. అంకె పక్కన ఏం తిన్నారో, ఎంత తిన్నారో, తర్వాత నడిచారా లేదా రాయండి. వట్టి అంకెలు పట్టుకొచ్చే వాళ్లే ఎక్కువ, వాటితో నేను చేయగలిగింది తక్కువ.

ఇక టిఫిన్. మీ బాధంతా ఇక్కడే ఉంది, మీకే కాదు, దాదాపు అందరికీ ఇక్కడే. తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఎక్కువగా ఉంటాయి, ఇన్సులిన్ మాట వినని వేళ అది. మధ్యాహ్నం ఏ గొడవా చేయని అదే పిండిపదార్థం పొద్దున తింటే అంకెను పైకి లేపుతుంది. మనమేమో ఆ వేళకే ఇడ్లీ, పొంగలి, ఉప్మా, పూరీ అని పిండి తప్ప మరోటి లేని టిఫిన్లు తింటాం. మీ రాగిజావ సంగతీ అంతే. రాగుల్లో కాల్షియం బాగా ఉన్న మాట నిజం, కానీ నూటికి డెబ్బై వంతుల దాకా అది పిండిపదార్థమే. దాన్ని మెత్తగా పిండి చేసి, నీళ్లలో పలచగా ఉడికించి గ్లాసుతో తాగితే నమిలే పని లేదు, అరిగించే పని లేదు, గబగబా రక్తంలోకి వెళ్లిపోతుంది. అదే రాగిపిండిలో ములగాకు, ఉల్లిపాయ వేసి రొట్టె కాల్చుకుని గుడ్డుతో తింటే వేరే అంకె వస్తుంది. ఓట్స్‌దీ అదే కథ, పొట్లాం చింపి రెండు నిమిషాల్లో ఉడికే రకానికీ ముతక రకానికీ చాలా తేడా ఉంటుంది.

రేపు పొద్దున ఇలా చేసి చూడండి. ముందు ఒక ఉడికించిన గుడ్డు తినండి, గుడ్డు తినకపోతే గుప్పెడు ఉడికించిన శెనగలు. తర్వాత ఒక కప్పు చిక్కటి సాంబారు, అందులో కందిపప్పు ఎక్కువ, ములక్కాడ, సొరకాయ లాంటి ముక్కలు బాగా ఉండాలి. ఆ తర్వాత రెండు చిన్న ఇడ్లీలు, పల్లీల పచ్చడితో. మూడో ఇడ్లీ వద్దు. మాంసకృత్తులు, కూరగాయలు ముందు తిని పిండి చివర్లో తింటే షుగర్ మెల్లగా ఎక్కుతుంది, ఖర్చు లేని కిటుకు. పెసరట్టు ఇంకా మంచిది, ఉప్మా లేకుండా. ఇక్కడ చెన్నైలో దొరికే అడై కూడా, కందిపప్పు, శెనగపప్పు, మినపప్పు వేసి రుబ్బింది కాబట్టి ఒకటి తింటే కడుపు నిలుస్తుంది, ఇంట్లో రుబ్బితే బియ్యం తగ్గించి పప్పులు పెంచుకోవచ్చు. హోటల్ పొంగలి, పూరీ, పొద్దున్నే పండ్లు, జ్యూస్ ఈ మూడు నెలలకు పక్కన పెట్టండి. ఫిల్టర్ కాఫీ మానక్కర్లేదు, రోజుకు ఒకటి, చక్కెర లేకుండా. అయితే టిఫిన్‌తో పాటు కాకుండా గంటన్నర ఆగి తాగండి, పాలలో కూడా షుగర్ ఉంటుంది, ఐరన్ మాత్రకూ కాఫీకీ పడదు.

మధ్యాహ్నం అన్నం తినండి. మీ ఇంట్లో కూర వడ్డించుకునే చిన్న ఎవర్‌సిల్వర్ గిన్నె ఉంటుంది కదా, దాన్ని ఒకటి ఎంచుకుని అన్నానికి అదే కొలతగా పెట్టుకోండి. గోపురంలా కాదు, అంచు వరకు. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, కాబట్టి ఒకటిన్నర గిన్నెతో మొదలుపెట్టి మీటర్ ఏమంటుందో చూసి అటో ఇటో జరుపుకోవచ్చు. గర్భిణికి రోజు మొత్తానికి కనీసం 175 గ్రాముల పిండిపదార్థం కావాలి, అంతకంటే తగ్గితే బిడ్డకూ మీకూ చాలదు. కాబట్టి ఉన్నదాన్ని ఒక పూట కుమ్మరించకుండా మూడు పూటలకీ, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లకీ పంచుకోవడమే మనం చేసే పని. పళ్లెంలో సగం కూరలు ఉండాలి: బెండకాయ, దొండకాయ, బీరకాయ, పొట్లకాయ, చిక్కుడు, తోటకూర, గోంగూర, ఏదైనా సరే. బంగాళాదుంప, చేమదుంప, కంద కూరల లెక్కలోకి రావు, అవి అన్నం లెక్కలోకి వస్తాయి. ముద్దపప్పు గట్టిగా ఒక గిన్నె, చేపలు తింటే రెండు ముక్కలు, వేపుడు కాకుండా పులుసు. చివర పెరుగన్నం అని మళ్లీ అన్నం కలపకండి, పెరుగు విడిగా తినండి. నెల్లూరు వాళ్లకు పులుసన్నం, పెరుగన్నం లేనిదే భోజనం పూర్తికాదని నాకు తెలుసు, అందుకే ఆ ఒకటిన్నర గిన్నెనే మూడు భాగాలు చేసుకోమంటాను. కొర్రలు, సామలు, దంపుడు బియ్యం మీకు ఇష్టమైతే తినండి, పీచు ఎక్కువ, కాస్త మేలు. కానీ వాటిని కూడా కొలిచే తినాలి, కొర్రన్నం అని రెండింతలు తింటే తెల్లన్నం కంటే ఎక్కువే చూపిస్తుంది.

సాయంత్రం ఆఫీసులో ఆకలేస్తే సుండల్, అంటే మన గుగ్గిళ్లు. బీచ్‌లో అమ్మే శెనగల సుండల్ ఇంట్లో చేసుకుంటే అంతకంటే మంచి చిరుతిండి ఈ ఊళ్లో లేదు. లేదంటే గుప్పెడు వేయించిన పల్లీలు, మజ్జిగ, ఒక జామకాయ. పండ్లు మానక్కర్లేదు, భోజనంతో కలపకుండా విడిగా, ఒకసారికి ఒకటే, నమిలి తినాలి. మామిడిపండు మీద మనసైతే పరీక్ష చేసుకునే వేళలో రెండు ముక్కలు తిని మీటర్‌నే అడగండి. రాత్రి భోజనం ఎనిమిదిలోపు, మధ్యాహ్నం లాగానే, ఇంకాస్త తక్కువగా. పడుకునే ముందు మాత్రం ఏదో ఒకటి తినాలి, చక్కెర లేని పాలు ఒక చిన్న గ్లాసు, నాలుగు బాదం పప్పులు. రాత్రి ఎనిమిదికి తిని పొద్దున తొమ్మిది దాకా ఖాళీగా ఉంటే కీటోన్లు వస్తాయి, కొందరికి పరగడుపు షుగర్ కూడా పెరుగుతుంది.

బెల్లం, తేనె, తాటిబెల్లం, కుంకుమపువ్వు పాలలో వేసే తాటి కలకండ, ఇవన్నీ చక్కెరే. "ప్రకృతి సిద్ధం కదా" అని మా దగ్గరికి వచ్చే అత్తగార్లు అందరూ అంటారు, ప్రేమతోనే అంటారు, కానీ మీటర్‌కు తేడా తెలియదు. సగ్గుబియ్యం అయితే పిండి తప్ప ఇంకేం లేదు. గర్భిణుల కోసమని అమ్మే పొడుల డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదివి కొనండి. కాకరకాయ కూర తినొచ్చు, కాకర రసం గ్లాసులతో తాగొద్దు, ఎవరో చెప్పారని ఆకులు, చూర్ణాలు అసలే వద్దు.

సీమంతం గురించి అడిగారు. ఇక్కడి పద్ధతిలో చేస్తే పులిహోర, కొబ్బరన్నం, నిమ్మకాయ అన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి అని వరసగా పెడతారు, అన్నీ అన్నాలే! ఆ రోజు పొద్దున టిఫిన్ మానేసి మధ్యాహ్నం తిందామని ప్లాన్ చేయకండి, ఆకలి మీద ఇంకా ఎక్కువ తినేస్తారు. ఇంట్లోనే గుడ్డు, పెసరట్టు తిని వెళ్లండి. అన్నాల్లో మీకు నచ్చిన రెండు, ఒక్కో గరిటె, పక్కన కూరలు, పప్పు. చక్కెర పొంగలి ఒక్క చెంచా అందరి ఎదుటా తినేయండి, పెద్దవాళ్ల మనసు నొచ్చదు. ఫొటోలయ్యాక చుట్టాలతో మాట్లాడుతూ హాల్లోనే అటూ ఇటూ తిరగండి. ఆ పూట 145 వచ్చినా ఒక్క పూటకు ఏమీ కాదు, మర్నాడు పస్తుండి లెక్క సరిచేద్దామని మాత్రం చూడకండి.

నడక. చాలామంది పొద్దున ఒక్కసారి అరగంట నడిచి అయిపోయిందనుకుంటారు. అదీ మంచిదే, కానీ మీకు కావలసింది తిన్న తర్వాత నడక. కండరాలు కదిలినప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటాయి, అదే మందు. ప్రతి పూటా తిన్నాక పది పదిహేను నిమిషాలు, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతో, పాట మాత్రం పాడలేనంత. మూడు పూటలా నడిస్తే వారానికి 150 నిమిషాల లెక్క దానంతటదే దాటిపోతుంది. మన చెన్నై వేళచ్చేరిలో మధ్యాహ్నం ఎండలో ఎవరూ నడవలేరు, అక్కర్లేదు కూడా. అపార్ట్‌మెంట్ కారిడార్, ఆఫీసు వరండా చాలు. అదీ కుదరని రోజు కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో అర లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని పైకీ కిందికీ పది నిమిషాలు ఎత్తండి, ఫలితం కనిపిస్తుంది. ఆదివారం సాయంత్రం ఊపిరి పీల్చుకోవాలనిపిస్తే మైలాపూర్‌లో మన కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరున్న పార్క్‌కు వెళ్లండి, చెట్ల నీడ ఉంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి. ఇంటిపని చేస్తూనే ఉన్నాను కదా అనకండి, అది అలసట తెస్తుంది కానీ ఈ లెక్కలోకి రాదు.

మొదలుపెట్టే ముందు డాక్టరమ్మను ఒక్క మాట అడగాల్సిందే. మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో రాసినా, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేసినా, బీపీ ఎక్కువగా ఉన్నా, రక్తస్రావం కనిపించినా, రక్తం బాగా తక్కువున్నా ఈ నడక, వ్యాయామాల మాటలు మీకు వర్తించవు. నడుస్తుండగా రక్తం, నీరు పోవడం, కడుపు బిగుసుకుని నొప్పులు, కళ్లు తిరగడం, పిక్కలో నొప్పి వాపు, ఛాతీలో నొప్పి వస్తే ఆగిపోయి ఫోన్ చేయండి. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు, రాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలు ఈ నెలల్లో వద్దు.

ఇన్ని చేసినా అంకెలు దిగకపోతే ఇన్సులిన్ తీసుకోండి, తీసుకోవాలి. పరగడుపు అంకె పదేపదే 95 దాటుతుంటే ముఖ్యంగా, ఎందుకంటే అది మీరు తిన్నదాని వల్ల కాదు, రాత్రంతా కాలేయం వదిలే గ్లూకోజ్ వల్ల, దాని మీద పళ్లేనికి పెద్ద పట్టు లేదు. మీది ప్రస్తుతం 90 దగ్గర ఉందన్నారు, అది మంచి సంగతి. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డ దాకా వెళ్లదు, కాన్పు కాగానే చాలామందికి ఆపేస్తారు, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అన్నది ఈ షుగర్‌కు వర్తించదు. ఇన్సులిన్ వద్దన్న పట్టుదలతో రోజుకు రెండు ఇడ్లీలతో బతికే అమ్మాయిలను చూస్తాను, బిడ్డ ఎదుగుదల తగ్గాక తీసుకొస్తారు, అప్పుడు నాకు కోపమూ వస్తుంది బాధా వేస్తుంది. ఇన్సులిన్ మీద ఉన్నప్పుడు వణుకు, చెమటలు వచ్చి 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఆ సంగతి ఇంట్లో మీ వారికి, అత్తగారికి కూడా తెలిసి ఉండాలి.

అత్తగారితో వాదించకండి. ఒకసారి మీటర్ ఆవిడ చేతికే ఇవ్వండి. ఒక రోజు రాగిజావ తాగి, ఇంకో రోజు గుడ్డు, సాంబారు, రెండు ఇడ్లీలు తిని, రెండు అంకెలూ ఆవిడనే రాయమనండి. వంట ఆవిడ చేతిలో ఉంది కాబట్టి ఆవిడకు నమ్మకం కుదిరితే మీ పని సగం అయిపోయినట్టే, ఇద్దరికి సరిపడా వండే ఆ ప్రేమంతా పప్పు, కూరల వైపు మళ్లుతుంది.

కాన్పు తర్వాత మాయ బయటికి వచ్చేస్తుంది కాబట్టి షుగర్ చాలావరకు వెంటనే దిగిపోతుంది, దాంతో అందరూ మర్చిపోతారు. మర్చిపోకండి, ఒకసారి ఇలా వచ్చిన వాళ్లకు తర్వాత గర్భంతో సంబంధం లేని షుగర్ జబ్బు (టైప్ 2 మధుమేహం) వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. పాలు ఇవ్వడం బిడ్డతో పాటు మీకూ మేలు చేస్తుంది, ఆ ముప్పును తగ్గిస్తుంది. బిడ్డకు ఆరో వారం టీకాలు వేయించడానికి ఎలాగూ వెళ్తారు. ఆ వారంలోనే మీరు కూడా పరగడుపున వెళ్లి 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోండి, రెండు గంటల అంకె 140 లోపు ఉంటే మామూలు, 140 నుంచి 199 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి, 200 అయితే వైద్యం కావాలి. బాగున్నా సరే ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండండి. మళ్లీ గర్భం అనుకున్నప్పుడైతే నెల తప్పగానే మొదటి చెకప్‌లోనే ఇంతకుముందు గర్భంలో షుగర్ వచ్చిందని చెప్పండి, ఇరవై నాలుగో వారం దాకా ఆగకుండా అప్పుడే చూస్తారు.

ఈ వారం మాత్రం టిఫిన్ ఒక్కటి మార్చండి, మూడు పూటలా తిన్నాక నడవండి, అన్నం కొలిచి తినండి, శనివారం బరువు చూసుకోండి. బరువు ఇంకా తగ్గుతుంటే రెండు వారాల అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ముందే వెళ్లి చూపించుకోండి.